త్రిబుల్ డబ్ల్యూ డాట్ ఆళ్లగడ్డ

టైపు మిషన్ ముందు కూర్చోగానే ఆయన జేబురుమాలు తీసి పది వేళ్లనూ ఒక్కొక్కటిగా తుడుచుకునేవారు. ఎడమ చిటికెన వేలితో మొదలై కుడి చిటికెన వేలితో ముగిసే ఆ పనిలో తొందర ఉండేది కాదు. తర్వాతి కాలంలో కంప్యూటరు ముందు కూర్చున్నా అదే పద్ధతి. ఆళ్లగడ్డలో బ్రౌజింగ్ సెంటరు నడిపే మస్తాన్ ఫోన్ చేసి, "సారు పాయనన్నా. చర్చివాళ్లే మట్టి చేసినారు" అన్నప్పుడు, ఆయన ముఖం కంటే ముందు నా కళ్లకు కట్టింది ఆ రుమాలూ, అందులోంచి వరుసగా బయటికొచ్చే ఆ వేళ్లూ.

ఆ వారంలోనే నేను నంద్యాలలో మా వెబ్‌సైటును పాత సర్వరు నుంచి కొత్త సర్వరుకు మార్చే పనిలో ఉన్నాను. కొన్నేళ్ల కిందట నేనే రాసిన ప్రోగ్రామును మొదటి వరుస నుంచి చదువుకుంటూ వస్తుంటే మధ్యలో ఒక షరతు కనిపించింది. చిరునామా మొదట్లో హెచ్‌టీటీపీ అని వచ్చే ప్రోటోకాల్ ఫలానాదై, కొట్టిన చిరునామా ఫలానాదైతే, అందరికీ వర్తించే నియమం ఈ ఒక్క చోట వర్తించదు. షరతు మొత్తం రెండు వరుసలు. ఎందుకు పెట్టానో పక్కన రాయలేదు. కొత్తగా చూసే ఇంజనీరు ఎవరైనా దాన్ని అనవసరమని తేల్చి కొట్టేస్తాడు. అతని తీర్పులో సాంకేతికంగా తప్పు ఉండదు. ఆ రెండు వరుసలకు కారణం ఆయన.

తొంభైలలో, ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలో, ఆళ్లగడ్డలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి ఆయన దగ్గర టైపు నేర్చుకున్నాను. మిద్దె మీద పొడవాటి గది, గోడ వెంబడి ఎనిమిది మిషన్లు, చివర చెక్క తలుపు, ఆ తలుపు వెనక ఆయన ఉండే చిన్న గది. కింద రోడ్డు వారన శిల్పుల కొట్టాలు. రోజంతా కింద ఉలి చప్పుడు, పైన అక్షరాల చప్పుడు. మొదటి వారం ఆ రెండూ కలిసి తలనొప్పి పుట్టించేవి. తర్వాత ఏ ఒక్కటి ఆగినా చెవి వెతుక్కునేది.

నేర్చుకునేవాళ్ల చేతుల మీద ఆయన నల్లగుడ్డ కప్పేవారు. గుడ్డ అంచును మిషనుకు కట్టి, చేతులు దాని కింద పెట్టించేవారు. ఎవరైనా గుడ్డ ఎత్తి చూస్తే వెనకనుంచి మెల్లగా వచ్చి, "చూసి కొట్టేది దొంగ చెయ్యప్పా. దానికి ఏమీ రాదు, కంటినడిగి తెచ్చుకుంటాది" అనేవారు. అరిచేవారు కాదు. గుడ్డ సర్ది వెళ్లిపోయేవారు.

ఆయన దగ్గర ఇంకో నియమం ఉండేది. రాసేది ఏదైనా సరే, కాగితం కుడివైపు పైన పూర్తి చిరునామా కొట్టాలి. అది లేని కాగితాన్ని దిద్దేవారు కాదు. నేను ఒకరోజు బద్ధకించి 'ఆళ్లగడ్డ' అని ఒక్క మాట కొట్టి ఇచ్చాను. ఆయన కాగితాన్ని రెండు వేళ్లతో నా వైపు తిప్పారు.

"ఏందప్పా ఇది?"

"అడ్రెస్ సార్."

"వీధి ల్యా, జిల్లా ల్యా, పిన్ను ల్యా. ఇది ఉత్తరమైతే, దోవలో తప్పిపోతే, తిరిగి యాడికి రావల్ల?"

"ప్రాక్టీసు కాగితమే కదా సార్. ఎక్కడికీ పోదు."

"పోనిదానికే పద్ధతి నేర్పల్ల. పొయ్యేదానికి భయమే నేర్పుతాది."

మళ్లీ కొట్టాను. ఆ చిరునామా నా వేళ్లలో ఇప్పటికీ ఉంది.

ఆయనకు ఉత్తరాలు వచ్చేవా అంటే, నేనున్న ఆ వేసవిలో పోస్టుమాన్ ఆ మెట్లెక్కగా చూడలేదు. ఆయన సొంతూరు గోస్పాడు వైపు ఏదో పల్లె అని ఒకరు, కాదు బండి ఆత్మకూరు అని ఒకరు చెప్పేవాళ్లు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి పోయి, ఆరాధన అయిన తర్వాత నిలబడి మాట్లాడుకునేవాళ్ల పక్కనుంచి తలవంచుకుని నడిచి వచ్చేసేవారు. మా చిన్నమ్మ ఒకసారి మెట్ల దగ్గర ఆపి, ఇంట్లో ఎవరెవరు ఉంటారు సార్ అని అడిగింది. ఆయన కాస్త ఆలోచించి, "మిషన్లుండాయి కదమ్మా" అన్నారు. పరిహాసమాడారేమోనని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేదు.

నేను ఇంజనీరింగ్ చదివి, ఎక్కడెక్కడో పనిచేసి, నంద్యాలకు తిరిగొచ్చి ఒక వెబ్‌సైటు మొదలుపెట్టేనాటికి రెండువేల దశకం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల విశేషాలు ఆ ఊరివాళ్లే రాయాలి, ఊరికొక పేజీ ఉండాలి, అదీ ఆలోచన. ఆళ్లగడ్డకు ఎవరు అని వెతికితే నాకు తెలిసిన చేయి ఒక్కటే. బస్సులో శిరివెళ్ల దాటుకుని, ఎడమవైపు నల్లమల కొండలు చూసుకుంటూ వెళ్లాను.

మెట్లెక్కుతుంటేనే పైనుంచి టైపు చప్పుడు వినిపించింది. ఈ కాలంలో కూడా పిల్లలు వస్తున్నారన్నమాట అనుకున్నాను. రెండు మెట్లు ఎక్కేసరికి చప్పుడు ఆగింది. కుర్చీ జరిగింది. అడుగులు. మళ్లీ చప్పుడు, ఈసారి ఇంకో మిషను మీద. దాని గంట మోత వేరు. గుమ్మంలోకి వచ్చి చూస్తే ఎనిమిది మిషన్లకూ కాగితాలు ఎక్కించి ఉన్నాయి. గదిలో ఆయన ఒక్కరే. ఒక మిషను మీద ఒక వరుస కొట్టి, లేచి, రుమాలుతో వేళ్లు తుడుచుకుని, పక్క మిషను దగ్గర కూర్చుంటున్నారు.

"ఎవరూ లేరా సార్?"

"నేనుండాను కదప్పా. రా, కూచో."

"ఇన్ని మిషన్లూ మీరే..."

"దినామూ కొట్టకుంటే కీలు పట్టేస్తాయి. మనిషి ల్యాడని ఇనుముకు బేగా తెలిసిపోతాది."

మిగిలిన మిషన్లు ముగించేదాకా నన్ను కూర్చోబెట్టి, ఆ తర్వాతే విషయం అడిగారు. చెప్పాను. ఊరికొక సైటు కట్టే వీలు లేదు కాబట్టి వెనక ప్రోగ్రాము ఒక్కటే. ఎవరైనా చిరునామా కొట్టగానే అందులో మొదటి చుక్కకు ముందు ఏ మాట ఉందో ప్రోగ్రాము చూస్తుంది. ఆ మాటను సబ్‌డొమైన్ అంటాం. కోయిలకుంట్ల అని ఉంటే కోయిలకుంట్ల పేజీ, ఆళ్లగడ్డ అని ఉంటే ఆళ్లగడ్డ పేజీ. ఏ ఊరో పోల్చుకోలేకపోతే నంద్యాల పేజీ చూపిస్తుంది. ఏదో ఒకటి చూపించాలి, నేనున్నది నంద్యాలలో.

ఇదంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"మా ఊరికి సపరేటుగా అడ్రెస్ ఉంటాదా?"

"ఉంటుంది సార్."

"నంద్యాల పేజీలో ఒక మూల కాదు కదా?"

"కాదు సార్. ఆళ్లగడ్డ పేరుతోనే తెరుచుకుంటుంది."

"అట్లయితే రాస్తా."

మస్తాన్ సెంటరులో కూర్చుని రోజుకొక విశేషం నాకు మెయిలు పంపేవారు. నేను పేజీలో ఎక్కించేవాణ్ని. అప్పటి కంప్యూటర్లలో తెలుగు సరిగా కుదిరేది కాదు కాబట్టి ఆయన ఇంగ్లీషులో, ఆఫీసు ఉత్తరాల భాషలో రాసేవారు. నిన్నటి కరెంటు కోతకు సంబంధించి పాఠకుల దృష్టికి తేవడమేమనగా. అహోబిలం బస్సు ఇకపై పాత వేళకు బయలుదేరదని సవినయంగా తెలియజేయడమేమనగా. శిల్పుల కొట్టం నుంచి పెద్ద నంది విగ్రహాన్ని లారీకి ఎక్కించిన రోజున, తాళ్లు ఎలా కట్టారో, మోకు ఎవరు లాగారో, విగ్రహం ఏ ఊరికి పోతోందో అంతా రాసి, చివర 'క్షేమంగా బయలుదేరినది' అని ముగించారు. నల్లమల మీద వాన పడి ఊళ్లోకి రాకుండా ఆగిపోయిన రోజు అదే ఒక విశేషం. ఏ పేజీని ఎంతమంది చూస్తున్నారో నాకు తెలిసేది. ఆళ్లగడ్డ పేజీని ఎక్కువ రోజులు చూసింది ఆయనే. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఒకరోజు మధ్యాహ్నం నంద్యాలలో నా గది గుమ్మం దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, నీళ్లిస్తే తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

"మా ఊరు యాడ పాయనప్పా?"

నాకు అర్థం కాలేదు.

"మా పేజీ తీసేసినారు కదా. అడ్రెస్ కొడితే నంద్యాల వస్తాంది. వారం చూసినా, పది దినాలు చూసినా. తీసేసేటప్పుడు ఒక మాట చెప్పింటే నేను పంపడం నిలిపేసేవాణ్ని. ఎవరూ ల్యాని ఇంటికి రోజూ ఉత్తరమేసినట్ల అయింది."

గొంతులో కోపం లేదు. తనను తీసేయడంలో ఆయనకు వింత ఏదీ కనిపించినట్టు లేదు. ముందుగా చెప్పకపోవడమే కష్టంగా ఉన్నట్టు మాట్లాడారు. నేను వెంటనే నా కంప్యూటరులో ఆళ్లగడ్డ పేజీ తెరిచి చూపించాను. పేజీ ఉంది. ముందురోజు ఆయన పంపిన విశేషమూ ఉంది. ఆయన తెరవంక చూసి, నావంక చూశారు.

"నీ మిషన్లో ఉండాది. ఆడ ల్యా."

"మీరే కొట్టండి సార్, చూద్దాం."

గ్లాసు కింద పెట్టి, రుమాలు తీసి, వేళ్లు తుడుచుకున్నారు. కళ్లు గోడ మీది క్యాలెండరు మీద నిలిపి, కీబోర్డు చూడకుండా, మొదట ప్రోటోకాల్, తర్వాత కోలన్, రెండు గీతలు, మూడు డబ్ల్యూలు, చుక్క, ఆళ్లగడ్డ, చుక్క, సైటు పేరు, ఏ ఒక్కటీ వదలకుండా కొట్టారు. ఒక్క తప్పు లేదు. నంద్యాల పేజీ తెరుచుకుంది.

ఇన్నాళ్లూ పేజీ ఎలా తెరిచేవారో అడిగి తెలుసుకున్నాను. తర్వాత నాకు తట్టింది. అప్పటిదాకా మస్తాన్ ఆయన కోసం తెర మీద ఒక బొమ్మ పెట్టి ఉంచాడు. దాన్ని నొక్కితే పేజీ తెరుచుకునేది. ఆ మధ్య కంప్యూటరు చెడిపోయి అంతా కొత్తగా ఎక్కించినప్పుడు బొమ్మ పోయింది. మళ్లీ పెడతానంటే ఈయన వద్దన్నారు, చేతులున్నాయి కదా అన్నారు. ఊరి పేరుతో మొదలయ్యే చిరునామాకు ముందు ఎవరూ మూడు డబ్ల్యూలు పెట్టరు. ఈయన పెట్టారు. మొదటి చుక్కకు ముందు ప్రోగ్రాముకు దొరికింది ఆ మూడు డబ్ల్యూలే. ఆ పేరుతో ఊరు లేదు. కాబట్టి నంద్యాల.

"సార్, ముందు ఆ త్రిబుల్ డబ్ల్యూ అక్కర్లేదు. తీసేసి కొట్టండి."

"తీసేస్తే అది అడ్రెస్సెట్ల అయితాదప్పా?"

"అవుతుంది సార్, ఈ ఒక్కదానికి."

సరేనన్నారు. మళ్లీ కొట్టారు. మూడు డబ్ల్యూలు పడ్డాయి. చెరిపారు. మళ్లీ కొట్టారు. మళ్లీ పడ్డాయి. ఆయన తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లవాణ్ని నిలబెట్టినట్టు కాసేపు పట్టుకునే ఉన్నారు. "ఇది నా మాట ఇనదు" అన్నారు.

ఆయన్ను కూర్చోబెట్టి ప్రోగ్రాము తెరిచాను. మొదటి మాట మూడు డబ్ల్యూలైతే దాన్ని పక్కనపెట్టి, తర్వాతి మాట చూడు. చిన్న మార్పే. మార్చి, ఈసారి కొట్టండి సార్ అన్నాను. క్యాలెండరు వంక చూస్తూ కొట్టారు. ఆళ్లగడ్డ వచ్చింది. ఆయన గ్లాసు తీసుకుని నీళ్లు తాగారు. "ఇంగ బస్సుకు పోతా" అని లేచారు.

కొన్నేళ్లకు మిగతా ఊళ్లవాళ్లు ఒక్కొక్కరే రాయడం మానేశారు. సైటును నిలబెట్టాలంటే సభ్యులు లాగిన్ అయ్యే ఏర్పాటు కావాలని, అందుకు ప్రోటోకాల్ మార్చాను. పాత ప్రోటోకాల్ పోస్టుకార్డు లాంటిది, దోవలో ఎవరైనా చదవొచ్చు. కొత్తది అంటించిన కవరు. పాత పద్ధతిలో ఎవరొచ్చినా ప్రోగ్రాము గుర్తించి, వాళ్లు కొట్టిన చిరునామానే కొత్త ప్రోటోకాల్‌కు మళ్లిస్తుంది. అయితే కవరు మీద ఒక ముద్ర ఉండాలి, సర్టిఫికెట్ అంటారు. మేము తీసుకున్న ముద్ర సైటు పేరుకు ముందు ఒక్క మాట వరకే చెల్లుతుంది. ఆళ్లగడ్డ అంటే ఒప్పుకుంటుంది. ఆళ్లగడ్డకు ముందు ఇంకో మాట ఉంటే ఒప్పుకోదు. అన్ని ఊళ్ల చిరునామాలతోనూ పరీక్షించాను. మూడు డబ్ల్యూలతో సారు కొట్టే చిరునామాతో పరీక్షించలేదు.

మరునాడు మస్తాన్ ఫోన్ చేశాడు.

"అన్నా, సారు పొద్దన్నుంచి కుర్చీలోంచి లేచేట్టు లేడు. తెర మీద ఏందో ఎర్రగా వచ్చింది. ఈ సైటును నమ్మొద్దు, ఎనక్కి పొమ్మని రాసుండాది. నేనేం చేసినా పోతా ల్యా. నువ్ రాన్నా ఒకసారి."

నేను వెళ్లేసరికి ఆయన సెంటరులో లేరు. మిద్దె మీద, మిషన్ల గదిలో ఉన్నారు. కొట్టడం లేదు. కింద ఉలి చప్పుడు మాత్రం వస్తోంది.

"నమ్మొద్దంటాండాది," అన్నారు. "నన్నా, నిన్నా?"

ఎవరినీ కాదని, కార్డూ కవరూ ముద్రా అన్నీ వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"నేను రాసేది ఊరంతా చదవల్లనే కదప్పా. దానికి కవరెందుకు? కార్డు చాలు నాకు."

"ఒక ఉపాయముంది సార్. మీరు ఎలాగైనా కొట్టండి. ప్రోగ్రామే ముందున్న డబ్ల్యూలు తీసేసి, సరైన చిరునామాకు పంపేస్తుంది. మీరు మారక్కర్లేదు."

"పైన అడ్రెస్ పట్టీలో ఏముంటాది?"

"డబ్ల్యూలు లేకుండా ఉంటుంది."

"అంటే నేను కొట్టింది కొట్టేసి యేరేది రాస్తాది."

అంతేనన్నాను. ఆయన లేచి, పక్క మిషను దగ్గరికి నడిచి, కూర్చోకుండా నిలబడ్డారు. రుమాలు తీయలేదు.

"ఇన్నేండ్లు పిల్లోళ్ల కాగితాల మీద నేను ఎర్రపెన్నుతో కొట్టేసినా," అన్నారు. "నాది ఎవరూ కొట్టెయ్యల్యా. సర్లేప్పా, సైటు నీది. ఎట్ల కుదిరితే అట్ల చెయ్యి."

తిరుగు బస్సులో శిరివెళ్ల దాటేలోపు లెక్క తేల్చుకున్నాను. ఆళ్లగడ్డ పేజీలో లాగిన్ లేదు. రహస్యం ఏదీ లేదు. కరెంటు కోత గురించి దోవలో ఎవరైనా చదివితే నష్టం లేదు. నంద్యాల చేరాక ఆ రెండు వరుసలూ రాశాను. వచ్చిన ప్రోటోకాల్ పాతదై, చిరునామా మూడు డబ్ల్యూలతో మొదలై, ఆ తర్వాత ఆళ్లగడ్డ ఉంటే, మళ్లించకు. చిరునామాలో ఏదీ మార్చకు. వచ్చినవాణ్ని వచ్చినట్టే లోపలికి పోనీ.

షరతు పనిచేస్తోందో లేదో తెలియడానికి, అది నెరవేరిన ప్రతిసారీ నా రెండో తెర మీద ఒక చిన్న వరుస పడేట్టు పెట్టాను. పరీక్ష అయ్యాక తీసేయాల్సినది. తీయలేదు. ఆ దోవన వచ్చేది ప్రపంచంలో ఒక్క మనిషే కాబట్టి, వరుస పడితే సారు వచ్చారని అర్థం. నాతో పనిచేసేవాళ్లు వెళ్లిపోయి, అప్పటికి గదిలో నేనొక్కణ్నే మిగిలాను. ఫ్యాను తప్ప చప్పుడు లేదు. పొద్దున ఆ వరుస పడ్డాక నేను పని మొదలుపెట్టేవాణ్ని. ఆయన ఎప్పుడూ నాకు ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. తన రాక ఎవరికైనా తెలుస్తుందని ఆయనకు తెలియదు.

తర్వాత ఒకసారి వరుస పడటం ఆగింది, మెయిళ్లూ ఆగాయి. మళ్లీ పేజీ తెరుచుకోక పంపడం నిలిపేశారనుకుని, తప్పు ప్రోగ్రాములో వెతికాను. షరతు సరిగానే ఉంది. సర్వరు సరిగానే ఉంది. మొన్న మస్తాన్ ఫోన్ వచ్చేదాకా ఇంకో కారణం వెతకలేదు.

"జరమొచ్చి పండుకున్యాడన్నా, ఇంగ లేయల్యా. నీకు చెప్పల్లంటే ఫోన్ చెడిపోయి నీ నెంబరు దొరకల్యా, ఇప్పుడు దొరికింది. మిషన్లు ఆడనే ఉండాయి. చప్పుడు ల్యాకుంటే ఈది ఈదిలాగ ల్యా."

కొత్త సర్వరుకు ప్రోగ్రాము మార్చడం నిన్నటితో పూర్తయింది. ఆ రెండు వరుసలనూ కొట్టేయకుండా ఉన్నవున్నట్టే అందులోకి తెచ్చాను. వాటి పైన, ఎందుకున్నాయో రాయాల్సిన చోట, మిద్దె మీది ఆ గది చిరునామా కొట్టాను. వీధి, ఊరు, జిల్లా, పిన్ను. ఇక మిగిలింది పరీక్ష. ఒక్కో ఊరి చిరునామా కొట్టి చూశాను, అన్నీ కవరులోకి మళ్లాయి. చివరికి ఆయన చిరునామా. కీబోర్డు చూడకుండా, ప్రోటోకాల్ నుంచి చివరి అక్షరం దాకా కొట్టాను. ఆళ్లగడ్డ పేజీ తెరుచుకుంది. పైన పట్టీలో నేను కొట్టింది కొట్టినట్టే ఉంది. పేజీలో ఆయన చివరి విశేషం: నల్లమల వైపు మబ్బులు కమ్మినవి, ఊరిలోనికి వచ్చునో రాదో తెలియజేయగలను.

రెండో తెర మీద వరుస పడింది.

సారు వచ్చారనుకున్నాను. చేయి వెంటనే ఆ రోజు పని వైపు కదిలింది కూడా. తర్వాత ఆ వరుస చివర, వచ్చినవాళ్లు ఏ కంప్యూటరు నుంచి వచ్చారో చెప్పే అంకెలు చదివాను. నంద్యాల. నా గది. నా కంప్యూటరే.